మైదానం ఎవరిది?

"పెద్దమనిషయిన పిల్లకు ఆటలేమిటి?" కైకలూరులోనైనా కొల్లేటి లంకల్లోనైనా ఈ మాట ఇంకా చెల్లుతూనే ఉంది. మగపిల్లవాడికి ఆ వయసులో క్రికెట్ బ్యాటు, ఆడపిల్లకు ఓణీ! కౌమారంలో ఆరోగ్యానికి, ఆత్మవిశ్వాసానికి ఆటలు అవసరమని సెమినార్లలో చెప్పుకుంటున్నాం. సాయంత్రం బడి మైదానం మగపిల్లల సొత్తుగా ఉన్నంతకాలం ఆ మాటకు అర్థమేమిటి?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె పేరు చెప్పి గర్వపడే పెద్దలే తమ ఊరి పిల్లకు ఒక గంట మైదానం ఇవ్వరు.

పతకం నా కొలబద్ద కాదు. పరుగెత్తడం, పడి లేవడం, తన ఒంటిని చూసుకుని సిగ్గుపడకపోవడం ప్రతి పిల్లకూ హక్కు. అందుకు పెద్దక్కలా అండగా నిలిచే శిక్షకురాలు కావాలి. 'గురువు' పేరుతో ప్రశ్నకు అందని అధికారం కాదు. పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్ళే లైంగిక వేధింపులపై న్యాయం కోసం 2023లో జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసి వచ్చింది. ఇక లంకగ్రామం పిల్ల గొంతు ఎవరు వింటారు?

పనిస్థలంలో వేధింపులను నిషేధించిన 2013 చట్టం స్టేడియాన్నీ, శిక్షణ కేంద్రాన్నీ పనిస్థలంగానే గుర్తించింది. ఉద్యోగి కాకపోయినా, ఏ వయసు స్త్రీ అయినా ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం కూడా ఉంది. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. జిల్లా స్థానిక కమిటీ సభ్యుల పేర్లు ప్రతి మైదానం గోడమీదా రాయాలి. శిక్షకురాళ్ళను నియమించాలి. ఆడపిల్లలకంటూ సాయంత్రాలు కేటాయించాలి, ఆట ముగిశాక ఇల్లు చేరడానికి బస్సు ఉండాలి.

ఇది దయ కాదు, వాటా. అడుగుదాం.