భాయ్, రెస్ట్ తీసుకోండి

మా హాస్టల్లో ఏ వార్త అయినా కారిడార్లో అరుపుగానే వస్తుంది. మిడ్ పోస్ట్‌పోన్ అయినా అంతే, మెస్‌లో చికెన్ అయిపోయినా అంతే. 2026 జనవరిలో ఒక రాత్రి అలాగే ఒక అరుపు వినపడింది: "ఒరేయ్, జాకిర్ ఖాన్ మానేస్తున్నాడంట్రా!"

ఐదు నిమిషాల్లో మా ఫ్లోర్ వాట్సాప్ గ్రూప్‌లోకి వీడియో వచ్చేసింది. హైదరాబాద్‌లో 'పాపా యార్' షో. స్టేజి మీద నిలబడి ఆయన చెప్తున్నాడు: చాలా పెద్ద బ్రేక్ తీసుకుంటున్నానని, అది 2028 దాకానో, 29 దాకానో, 30 దాకానో వెళ్ళొచ్చని, ఆరోగ్యం చూసుకోవాలని, ఇంకా కొన్ని విషయాలు చక్కబెట్టుకోవాలని.

గ్రూప్‌లో మొదటి రిప్లై: "అయ్యో." రెండో రిప్లై: "ఉన్న షోలకి టికెట్లు దొరుకుతాయా?" ఆ రెండోది నాది.

ఆ రెండో రిప్లై గురించే ఈ వ్యాసం. (నా తెలుగు గురించి ముందే ఒక మాట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నేను. ఒత్తులు తప్పితే క్లబ్ ఎడిటర్ అక్క దిద్దుతుంది. ఆలోచన తప్పితే మాత్రం అది పూర్తిగా నాదే.)

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. జాకిర్ ఖాన్‌ది ఇండోర్. సారంగి వాయించే కుటుంబం. తాతగారు ఉస్తాద్ మొయినుద్దీన్ ఖాన్ పేరున్న సారంగి విద్వాంసులు. మనవడు 2012లో కామెడీ సెంట్రల్ వాళ్ళ పోటీ గెలిచాడు. 2017లో 'హక్ సే సింగిల్' వచ్చాక ఇక ఆయన పేరు తెలియని హాస్టల్ లేదు. అమ్మాయి ముందు కరిగిపోని 'సఖ్త్ లౌండా' అనే మాటని మా అందరికీ అంటించింది ఆయనే. (అది మాలో ఎవడికీ సూట్ కాదనుకోండి, అది వేరే విషయం.) 2025 ఆగస్టులో న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిందీలో షో చేశాడు. ఆ వేదిక మీద హిందీలో సొంత స్టాండప్ షో చేసినవాడు అంతకుముందు లేడు.

నా హిందీ సంగతి చెప్పాలంటే, టెన్త్‌లో హిందీకి పాస్ మార్కులు 20. నాకు 27 వచ్చాయి. మాది నరసరావుపేట, హిందీ అవసరం సినిమా పాటల దాకానే. ఫస్టియర్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని 'తథాస్తు' చూశాను. 2022లో వచ్చిన షో, తన తాతగారితో తనకున్న బంధం గురించి చెప్తాడు అందులో. నవ్వుకుందామని మొదలుపెట్టి, సగంలో ఆపేసి, మా తాతయ్యకి ఫోన్ చేశాను. రాత్రి పదకొండు. అమ్మమ్మ తీసి, "ఏరా, డబ్బులు అయిపోయినయ్యా?" అంది.

ఆ సెమిస్టర్‌లోనే నాకు మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పడింది. ఇంట్లో చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నిద్ర పట్టించింది ఇయర్‌ఫోన్స్‌లో జాకిర్ గొంతే. లెక్క చూస్తే ఆయనకి నేనే బాకీ. అయినా సరే, ఆయన "ఒంట్లో బాగోలేదు" అనగానే నాకు తోచింది టికెట్ దొరుకుతుందా అని.

నేనొక్కణ్ణే కాదులెండి. గ్రూప్‌లో ఆ రాత్రంతా నడిచింది. "మీరు వెళ్ళిపోతే మా బ్రేకప్‌లకి దిక్కెవరు" అని ఒకడు. "ఐదేళ్ళంటే మరీ ఎక్కువ, ఏడాది చాలు కదా" అని ఇంకొకడు, లీవ్ లెటర్ మీద సంతకం పెట్టే హెచ్‌ఓడీ లాగా. "ఇదంతా మిగిలిన షోలు నింపుకోడానికి" అని ఒక మేధావి. బయట అభిమానుల మాటలు చూసినా దాదాపు ఇవే రకాలు. ప్రేమగా అన్నవాళ్ళు కూడా "త్వరగా వచ్చేయండి" అనే అన్నారు. మా గ్రూప్‌లో "అసలు ఏమైందంట ఆయనకి?" అని అడిగింది ఒక్కడే. వాడి గురించి తర్వాత చెప్తాను.

నిజానికి ఏమైందో ఆయన ముందే చెప్పాడు. 2025 సెప్టెంబర్‌లో ఇన్‌స్టా స్టోరీల్లో రాశాడు: పదేళ్ళుగా టూర్లు, రోజుకి రెండు మూడు షోలు, నిద్రలేని రాత్రులు, తెల్లవారుజామున ఫ్లైట్లు, వేళకి తిండి లేకపోవడం. ఏడాదిగా ఒంట్లో బాగోలేదని, అయినా పని చేయక తప్పలేదని. మ్యాడిసన్ స్క్వేర్ ఫోటోలు చూసి మనం గర్వపడిన నెల తర్వాతే ఇది. అంటే ఆ ఫోటోల్లో నవ్వుతున్న మనిషి అప్పటికే జబ్బుగా ఉన్నాడు. ఆ స్టోరీ నేను చదివాను. చదివి, హార్ట్ ఎమోజీ కొట్టి, తర్వాతి స్టోరీకి వెళ్ళిపోయాను.

స్టాండప్ అంటే మైక్ పట్టుకుని కబుర్లు చెప్పడమే కదా, అంత అలసట ఏముంటుంది అని మా నాన్నగారు అడిగారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఒకసారి ఆలోచించండి. సింగర్ పాత పాట ఎత్తుకుంటే జనం ఫోన్ టార్చ్‌లు వెలిగించి ఊపుతారు. కమెడియన్‌కి ఆ సౌకర్యం లేదు. ఒక గంట షో ప్రైమ్‌లోకో యూట్యూబ్‌లోకో వెళ్ళిందంటే ఆ గంట అయిపోయినట్టే, ముగింపు అందరికీ తెలిసిపోతుంది, మళ్ళీ సున్నా నుంచి ఇంకో గంట రాసుకోవాలి. దాన్ని చిన్న చిన్న హాళ్ళలో నెలల తరబడి పరీక్షించాలి, ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ దగ్గుతున్నారు అని చూసుకుంటూ. మన ప్రోగ్రాంలో ఎర్రర్ వస్తే మన స్క్రీన్ మీద వస్తుంది. మహా అయితే ల్యాబ్ సార్ చూస్తారు. వాళ్ళ ఎర్రర్ టికెట్ కొన్నవాళ్ళందరి ముందు వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. జాకిర్ ముడిసరుకంతా సొంత జీవితమే: తాత, నాన్న, ఇండోర్ వీధులు, ఫెయిలైన ప్రేమలు. రోజుకి మూడు షోలు చేసే మనిషికి షోలు కాకుండా వేరే జీవితం ఎప్పుడు జరుగుతుంది? ఇక ఎయిర్‌పోర్టుల మీదే జోకులు రాసుకోవాలి.

అభిమానులు ఇలా మీద పడటం కొత్తేం కాదు. అమెరికాలో డేవ్ షపెల్ 2004లో శాక్రమెంటోలో స్టాండప్ చేస్తుంటే, జనం ఆయన టీవీ షోలోని ఒక డైలాగ్‌ని అరుస్తూనే ఉన్నారు. విసిగిపోయి ఆయన స్టేజి దిగి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది 5 కోట్ల డాలర్ల ఒప్పందంలో ఉన్న ఆ టీవీ షోనే వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్ళాడు. పిచ్చెక్కిందని, డ్రగ్స్ అని పుకార్లు పుట్టాయి. అలసిపోయి ఉంటాడన్న మాట కంటే అవే జనానికి సులువుగా ఎక్కాయి. ఆస్ట్రేలియాకి చెందిన హానా గాడ్స్‌బీ 2018లో 'నానెట్' షోలోనే, నన్ను నేను తక్కువ చేసుకుని మిమ్మల్ని నవ్వించే పని ఇక చేయను, కామెడీ మానేస్తాను అన్నారు. 2020లో 'డగ్లస్'తో తిరిగొచ్చారు. అప్పుడు "మానేస్తానన్నావు కదా" అని దెప్పినవాళ్ళూ ఉన్నారు. వెళ్తే తప్పు, వస్తే తప్పు.

మనవాళ్ళ దగ్గరికొస్తే బ్రహ్మానందం గారు. (అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేసినవారు, మన క్లబ్‌లో ఈ మాట నెలకొకసారైనా వస్తుంది.) 2019 జనవరిలో ముంబైలో గుండె ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆయన సినిమాలు తగ్గితే మనమేమన్నాం? "ఇప్పుడు కామెడీ ఏదిరా, బ్రహ్మీ లేకపోతే." ఆయన ముఖం లేని వాట్సాప్ గ్రూప్ తెలుగువాళ్ళలో ఉండదు. ఆపరేషన్ సంగతి మాత్రం మా రూమ్‌లో నలుగురిలో ఒక్కడికే తెలుసు.

ఇప్పుడు ఆ "ఏమైందంట" అని అడిగినవాడి దగ్గరికి వస్తాను. వాడి పేరు రాయను, మా వింగ్‌లో అందరికీ తెలుసు. ఫ్రెషర్స్ డే యాంకరింగ్ వాడే, మెస్ మేనేజర్ మిమిక్రీ వాడే, హెచ్‌ఓడీ నడక కూడా వాడే. ఎవడైనా డల్‌గా ఉంటే "వీణ్ణి వాడి రూమ్‌కి తీసుకెళ్ళండ్రా" అనేవాళ్ళం. థర్డ్ సెమ్‌లో వాడు మెల్లగా మాట్లాడటం తగ్గించాడు. ఒకరోజు నేరుగానే చెప్పాడు: "కొన్నాళ్ళు నన్ను వదిలేయండ్రా, నాకు ఓపిక లేదు."

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "నువ్వు సైలెంట్‌గా ఉంటే రూమ్ బోర్ కొడుతుంది మామా." అని, "హెచ్‌ఓడీ ఒక్కసారి చెయ్యరా" అన్నాను. వాడు చేశాడు. అందరం నవ్వాం. వారం తర్వాత ఇంటికెళ్ళిపోయాడు, మూడు వారాలు రాలేదు. నిద్ర పట్టట్లేదని, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడని వాళ్ళ అక్క చెప్తే తెలిసింది మాకు. ఒకే గోడకి అటువైపు వాడు, ఇటువైపు నేను.

వాడు వచ్చేసరికి అటెండెన్స్ 75 కిందకి పడిపోయింది. కండొనేషన్ ఫీజు కట్టాడు. మెడికల్ సర్టిఫికెట్ చూసినవాళ్ళు "జ్వరమా?" అన్నారు. కాదంటే, "మరి?" అన్నారు. ఆ "మరి?"కి మన చదువుల్లో జవాబు లేదు. ఇంటర్‌లో రెండేళ్ళు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, నెలకొకసారి అవుటింగ్. ఇక్కడికొస్తే ప్లేస్‌మెంట్ ఫారాల్లో చదువులో గ్యాప్ ఉందా అని ఒక గడి. జ్వరం అంటే సెలవిస్తారు. అలసట అంటే క్యారెక్టర్ మీద అనుమానం. ఇలా పెరిగినవాళ్ళకి, ఒక మనిషి స్టేజి మీద నిలబడి కొన్నేళ్ళు ఆగుతాను అంటే అది వినపడే భాష ఎక్కడిది? అందుకే మనకి "టికెట్లు ఉన్నాయా", "ఎప్పుడొస్తావు" అనే రెండు ప్రశ్నలే తోచాయని నా అనుమానం.

ఇది రాస్తున్నానని చెప్తే ఒక సీనియర్ అన్నయ్య కొట్టిపారేశాడు. "ఆయనకి డబ్బులున్నాయి కాబట్టి ఆగుతున్నాడు. ఎడ్యుకేషన్ లోన్ ఉన్నోడు ఆగగలడా? మీ వాడు మూడు వారాలు ఆగితేనే ఫీజు కట్టించుకున్నారు." ఇందులో అబద్ధం ఏమీ లేదు, నా దగ్గర దీనికి పూర్తి సమాధానం కూడా లేదు. కానీ అంత పేరు, అంత డబ్బు ఉన్న మనిషి కూడా ఒంట్లో బాగోకుండానే ఏడాది పని చేశాడు కదా. కాబట్టి డబ్బు ఒక్కటే కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటుంటే ఎవరికైనా ఆగడం కష్టం. లోన్ ఈఎంఐ నేను ఆపలేను, ఆ "ఇంకొక్కటి" అనకుండా ఉండగలను.

బాధపడొద్దు అనట్లేదు. నాకూ బాధగానే ఉంది. మన పనేదో వదిలేసి ఆయన పోతున్నట్టు కోపం తెచ్చుకోవడమే అన్యాయం. 2030 అనేది ఆయన వేసుకున్న అంచనా, మనకి రాసిచ్చిన ప్రామిసరీ నోటు కాదు. అప్పటికి నా బీటెక్ అయిపోయి రెండేళ్ళవుతుంది. ఆయన వస్తే సొంత డబ్బులతో టికెట్ కొంటాను. రాకపోతే 'తథాస్తు' ఎలాగూ ఉంది, ఈసారి సబ్‌టైటిల్స్ తీసేసి చూస్తాను.

చివరగా ఒక ప్రకటన. యాన్యువల్ ఫెస్ట్‌కి యాంకర్ ఇంకా దొరకలేదు. నోటీసు బోర్డు పక్కన కాగితం అంటించి ఉంది, ఆసక్తి ఉన్నవాళ్ళు పేరు రాయొచ్చు. పోయిన వారం ఎవరో దాని మీద మావాడి పేరు రాశారు. వాడే వెళ్ళి కొట్టేసి వచ్చాడు. దయచేసి మళ్ళీ రాయకండి.