ట్రేడ్ లైసెన్సు అడగని ప్రశ్న: మీ సెప్టిక్ ట్యాంకులోకి దిగేదెవరు?

ఏ హోటల్‌కు వెళ్లినా, ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా క్యాష్ కౌంటర్ వెనక గోడకు ఫ్రేము కట్టిన కాగితం ఒకటి వేలాడుతూ ఉంటుంది. మున్సిపాలిటీ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు అది. హైదరాబాద్ లాంటి నగరంలో షాపు ఎన్ని చదరపు అడుగులు, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అని చూసి దానికి ఫీజు కడతారు. అక్కడి మురుగు ఎటు పోతుంది, సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరు ఖాళీ చేస్తారు, యంత్రమా, మనిషా అన్నది ఆ లెక్కలోకి రాదు. రావాలన్నదే మా వాదన. పాకీ పని మీద మనకున్న చట్టాలు ఎక్కువగా మనిషి చనిపోయాకే కదులుతున్నాయి. చనిపోకముందే కదిలించగల అధికారం స్థానిక సంస్థల దగ్గర ఉంది. ఆ అధికారం పేరే లైసెన్సు.

ముందు లెక్కలు చూద్దాం. 2019 నుంచి 2023 వరకు మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2022, 2023లో జరిగిన మరణాల్లో 54 మరణాలపై కేంద్ర సామాజిక న్యాయ శాఖ సోషల్ ఆడిట్ చేయించింది. అందులో 49 మంది ఒంటి మీద ఎలాంటి రక్షణ పరికరమూ లేదు. ఆ 54 మందిలో 38 మంది ఎవరో వ్యక్తిగతంగా మాట్లాడుకుని పనికి పిలిచినవాళ్లు. ప్రభుత్వ ఉద్యోగులు ఐదుగురే.

ఈ 38 అనే అంకె దగ్గర మనం ఆగాలి. వీళ్లకు టెండరు లేదు, వర్క్ ఆర్డరు లేదు, మస్టరు లేదు. ఒక ఫోన్ కాల్, ఒక రోజు కూలి, అంతే. మనిషి చనిపోగానే మున్సిపాలిటీ "మాకు సంబంధం లేదు, అది ప్రైవేటు వ్యవహారం" అంటుంది. యజమాని "మేస్త్రీకి చెప్పాం, మేస్త్రీ తెచ్చాడు" అంటాడు. మేస్త్రీ ఫోన్ స్విచ్చాఫ్ అవుతుంది. మిగిలేది భార్యాపిల్లలు.

ఈ పనికి ఎవర్ని పిలుస్తారో చెప్పనక్కర్లేదు గానీ, దానికీ సర్కారు లెక్కే ఉంది. నమస్తే పథకం కింద 2024 నాటికి నమోదు చేసిన సుమారు 38 వేల మంది సెప్టిక్ ట్యాంకు, సీవర్ కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను కలిపితే 92 శాతం. కేంద్రం మాత్రం చేతులతో మలం ఎత్తే పని దేశంలో పోయిందని, ఇప్పుడు జరుగుతున్నది "ప్రమాదకరమైన శుభ్రపరచే పని" అని పార్లమెంటులో చెబుతూ వస్తోంది. పేరు మారింది. గుంతలోకి దిగే కులం మారలేదు.

బాధ్యత ఎవరిదో చట్టంలోనే ఉంది

2013 చట్టం ఆ ఏడాది డిసెంబర్ 6న, అంటే అంబేద్కర్ వర్ధంతి రోజున అమల్లోకి వచ్చింది. దాని 7వ సెక్షన్ ప్రకారం ఏ వ్యక్తీ, ఏ స్థానిక సంస్థా, ఏ ఏజెన్సీ కూడా ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ సీవర్, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతకు మనుషుల్ని పెట్టకూడదు. మొదటిసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 33వ సెక్షన్ ప్రకారం ఈ పనికి ఆధునిక యంత్రాలు వాడటం స్థానిక సంస్థల విధి. తప్పనిసరి పరిస్థితిలో మనిషి దిగాల్సి వస్తే స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు రాసి, లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలని అదే ఏడాది వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అప్పుడు కూడా రక్షణ పరికరాలు ఉండి తీరాలి.

అంటే కమిషనర్ సంతకం లేకుండా సీవర్‌లోకి దిగిన ప్రతి మనిషీ నిబంధనలను ఉల్లంఘించి దించిన మనిషే. మరి సంతకాలు పెట్టిన ఆ కాగితాలు ఏ మున్సిపాలిటీలో ఎన్ని ఉన్నాయి? ఈ ప్రశ్నకు జవాబు మన దగ్గర లేకపోవడమే మన బలహీనత.

74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయి. నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యం, కబేళాలు, చర్మశాలల నియంత్రణ అన్నీ అదే జాబితాలో కనిపిస్తాయి. వ్యాపారం మీద అదుపు, మురుగు మీద బాధ్యత ఒకే చోట ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో రెండూ వేరయ్యాయి. హైదరాబాద్‌లో ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది జీహెచ్ఎంసీ. మురుగు లైన్లు చూసేది 1989లో ఏర్పడిన జలమండలి. చిన్న పట్టణాల్లో రెండూ ఒకే మున్సిపాలిటీ చేతిలో ఉన్నా, రెండు విభాగాలు రెండు రిజిస్టర్లు పెట్టుకుంటాయి. లైసెన్సు రాసే గుమస్తాకు సెప్టిక్ ట్యాంకుతో పని లేదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేతిలో లైసెన్సు రద్దు చేసే కలం లేదు.

ఊళ్లలో పరిస్థితి ఇంకా ఘోరం. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక హేచరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. అది దొంగచాటుగా నడిచిన గుడిసె పరిశ్రమ కాదు, అందరికీ తెలిసిన కంపెనీ యూనిట్. కోళ్ల ఫారాలు, రైస్ మిల్లులు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు, ప్రైవేటు హాస్టళ్లు అన్నీ పంచాయతీల పరిధిలోకి వచ్చేశాయి. పంచాయతీ కార్యదర్శి వాటి దగ్గర పన్ను వసూలు చేస్తాడు. ట్యాంకు మూత తీసి చూసే బాధ్యత మాత్రం ఎవరి మీదా పెట్టలేదు.

చేయొచ్చని తెలుగు నేలే చూపించింది

ఇది జరగని పని కాదు. 2017లో జలమండలి, డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. ఇరుకు సందుల్లోకి వెళ్లగల ఆ వాహనాలను దళిత పారిశ్రామికులే సొంతం చేసుకుని నడిపారు. 2019లో ఢిల్లీ ప్రభుత్వం 200 యంత్రాలతో అదే బాట పట్టింది. వరంగల్ మహానగర పాలక సంస్థ 2016లోనే సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చి, ట్యాంకులు ఖాళీ చేసే వాహనాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది.

ఈ రెండు అనుభవాలూ విలువైనవే. వాటి హద్దులూ గమనించాలి. జెట్టింగ్ యంత్రాలు వీధి లైన్ల కోసం వచ్చాయి. వరంగల్ నిబంధన ట్యాంకు ఖాళీ చేసే వాహనాన్ని అదుపులో పెట్టింది. ఆ వాహనాన్ని పిలవకుండా, నాలుగు డబ్బులు తక్కువకు మనిషిని పిలిచే యజమానిని అదుపులో పెట్టేది అతని ట్రేడ్ లైసెన్సు ఒక్కటే.

కానీ గాలి ఎదురు దిశలో వీస్తోంది. 2014లో టీఎస్ ఐపాస్, 2020లో టీఎస్ బీపాస్ వచ్చాక స్వీయ ధ్రువీకరణ మీద అనుమతులు ఇవ్వడం మామూలైంది. అనుమతులు త్వరగా రావడాన్ని మేం వ్యతిరేకించడం లేదు. లంచాలు తగ్గితే మొదట లాభపడేది చిన్నవాళ్లే. కానీ తనిఖీ తగ్గింది ఎవరికి? రోడ్డు పక్కన కూరగాయలో, చేపలో అమ్ముకునే దళిత ఆడవాళ్ల తోపుడు బండిని మున్సిపల్ సిబ్బంది నిమిషాల్లో ఎత్తుకుపోతారు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని వాళ్లకు ఎవరూ చెప్పరు. అదే వీధిలోని నాలుగంతస్తుల లాడ్జి ట్యాంకు దగ్గరికి మాత్రం ఏ అధికారీ వెళ్లడు. తనిఖీకీ కులం ఉంది.

చావు తర్వాత కాదు, ముందు

మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఆ తీర్పు వెనక ఉంది. 2023 అక్టోబర్ 20న బలరాం సింగ్ కేసులో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. మనం ఎక్కువగా ఈ అంకెనే గుర్తుపెట్టుకున్నాం. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పనుల్లో మరణాలు జరిగితే కాంట్రాక్టు రద్దు చేయడం, డబ్బు కట్టించడం వంటి జవాబుదారీ ఏర్పాట్లు ఉండాలని. కాంట్రాక్టరు విషయంలో ఒప్పుకున్న ఈ సూత్రాన్నే లైసెన్సు తీసుకున్న వ్యాపారికీ వర్తింపజేయమని మేం అడుగుతున్నాం.

ఎస్సీ, ఎస్టీలతో ఈ పని చేయించడం అట్రాసిటీ చట్టంలోని 3(1)(జె) కింద కూడా నేరం. ఎఫ్ఐఆర్‌లో కేవలం నిర్లక్ష్యపు మరణం అని రాసి ముగిస్తే, కులం కేసు కాగితాల్లోంచి మాయమవుతుంది. కాబట్టి ఎఫ్ఐఆర్ దగ్గర పోరాడాల్సిందే. ఐతే అక్కడికి చేరేసరికి ఒక ప్రాణం పోయి ఉంటుంది.

అందుకే రెండు రాష్ట్రాల్లోని మున్సిపాలిటీలు, పంచాయతీల ముందు పెట్టాల్సిన డిమాండ్లు ఇవి. హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు, మిల్లులు లైసెన్సు రెన్యువల్ చేసుకునేటప్పుడు నమోదైన వాహనంతో ట్యాంకు ఖాళీ చేయించిన రసీదు చూపించాలి. మనిషిని దించినట్టు తేలితే క్రిమినల్ కేసుతో పాటు లైసెన్సు రద్దు కావాలి. లైసెన్సు, మురుగు రిజిస్టర్లను కలిపి వార్డుల వారీగా బయటపెట్టాలి. ట్యాంకులు ఖాళీ చేసే వాహనాల యాజమాన్యంలో ఇన్నాళ్లూ గుంతల్లోకి దిగిన కుటుంబాలకే మొదటి హక్కు ఉండాలి. లేకపోతే మనుషులు చేసినంతకాలం మనది, యంత్రం వచ్చాక వాళ్లది అన్నట్టవుతుంది.

ఇది వ్యాపారులకు భారం అంటారా? ఫైర్ ఎన్ఓసీ అడిగినప్పుడూ ఇదే మాట అన్నారు. కస్టమరు కాలిపోకూడదని కాగితం అడిగే వ్యవస్థ, కార్మికుడు ఊపిరాడక చనిపోకూడదని ఒక రసీదు అడగలేదా?

విద్యార్థి సంఘాలు దీన్ని రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. మీ మున్సిపాలిటీకి ఆర్టీఐ కింద నాలుగు ప్రశ్నలు వేయండి. 2013 నుంచి ఇప్పటిదాకా మనుషుల్ని దించడానికి కమిషనర్ రాసిచ్చిన అనుమతులు ఎన్ని? నమోదైన ట్యాంకు క్లీనింగ్ వాహనాలు ఎన్ని, యజమానులు ఎవరు? ఈ కారణంతో నోటీసు ఇచ్చిన లేదా రద్దు చేసిన లైసెన్సులు ఎన్ని? కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకొకసారైనా కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? నెల రోజుల్లో జవాబు రావాలి. "సమాచారం లేదు" అని వచ్చినా ఆ కాగితాన్ని పారేయకండి. రేపు ఆ ఊళ్లో ఎవరైనా ట్యాంకులో చనిపోతే, "మాకు సంబంధం లేదు" అనే అధికారి ముందు పెట్టాల్సిన మొదటి సాక్ష్యం అదే.