పురుగుల చదువు ఎవరి చేనుకు?

లింగంపేట మండలంలోని మా తండాల్లో మక్కకు పురుగు పడితే నాయినలు పోయేది మందుల దుకాణానికే. దుకాణాయన సీసా చేతిలో పెట్టి, పైసలు పంట మీద రాసుకుంటాడు. అదే ఇంటి బిడ్డ వ్యవసాయ డిగ్రీలో కీటకశాస్త్రం చదువుతున్నా ఆమెనెవరూ అడగరు. అడిగినా, ఇంగ్లీషులో నేర్చుకున్నది ఇంటి భాషలో చెప్పడం ఆమెకు రాదు. ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. చదివించే తీరు అట్లుంది.

డిగ్రీలో పురుగులను పట్టి, చంపి, సూది గుచ్చి, పెట్టెలో వరుసగా పెట్టి, చీటీ రాసి మార్కులు తెచ్చుకోవాలి. చీటీలో దొరికిన ఊరు, తేదీ ఉంటాయి. ఆ ఊరివాళ్లు ఆ పురుగును ఏమని పిలుస్తారో రాయడానికి చోటుండదు.

లాటిన్ పేర్లు వద్దని మేం అనడం లేదు. ఒక పురుగుకు ఊరికో పేరు ఉన్నప్పుడు ప్రపంచమంతటికీ ఒక పేరు కావాల్సిందే. అమెరికా ఖండానికి చెందిన కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో బయటపడి, అదే ఏడు మన మక్క చేలకు చేరింది. అది కొత్త పురుగని పోల్చింది శాస్త్రమే. అయితే దాని తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం ఉంటుందని పుస్తకం చెబుతుంది. మా యాడికి వై తెలియదు, పంగలకర్ర తెలుసు. తల మీద తిరగేసిన పంగలకర్ర లాంటి గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు అని గోర్ బోలిలో చెబితే గట్టు మీదనే పోల్చుకుంటుంది.

సుడిదోమ వరి మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పైపైన మందు కొడితే దోమ మిగిలి, దాన్ని తినే సాలీళ్లు చస్తాయి. కొన్ని మందులతో దోమ ఇంకా పెరుగుతుంది. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని శాస్త్రవేత్తలే చెబుతారు. బాట వదిలితే సీసా అమ్ముడుపోదు కాబట్టి ఈ మాట దుకాణంలో వినపడదు. మందు డబ్బా మీద ఎరుపు గుర్తుంటే అత్యంత విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరం రాకున్నా పోల్చగల రంగులివి. వీటిని మా వాళ్లకు కూర్చోబెట్టి చెప్పిందెవరు?

మేం అడిగేవి మూడు. చివరి ఏడాది విద్యార్థులను పల్లె అనుభవానికి పంపేటప్పుడు తండాలకూ పంపాలి. పురుగు చీటీలో ఊరి పేరుతోపాటు ఊరోళ్లు పిలిచే పేరు, అది చెప్పిన రైతు పేరు రాయించాలి. ఒక పురుగు గురించి రైతుకు తన ఇంటి భాషలో వివరించిన విద్యార్థికి పరీక్షలో మార్కులివ్వాలి. వీటికి కొత్త భవనాలేం అక్కర్లేదు.

మా పిల్లలకూ ఒక మాట. సెలవులకు వచ్చినప్పుడు పొద్దున్నే నాయినతో చేనుకు పోండి. ఆకు తిప్పి చూపించండి, ఆయన చెప్పేది వినండి. వచ్చే పంటకు ఆయన దుకాణం కన్నా ముందు మిమ్మల్ని అడగాలి.