దేహసంరక్షణము: అలయక మునుపే విశ్రాంతి

గాలము వేయుట యనగా చెట్టునీడ కూర్చుండి ప్రొద్దుపుచ్చుట యనియు, అది పురుషుల వేడుక యనియు మనలో పలువురి తలంపు. మన తెలుగు కుటుంబము లనేకము నివసించు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము ఈ రెండు తలంపులును సరికావని తెలుపుచున్నది. సెలవుదినములలో ఆమె భర్తతో గూడ పడవనెక్కి బాస్ అను చేపలను పట్టుటకు పోవుచుందురట. తెల్లవారుజామున బయలుదేరి సాయంకాలమునకు మరలివచ్చునప్పటికి నడుమును, భుజమును, మణికట్టును నొచ్చుచున్నవట. తలపోటు మరునాటివరకు వదలదట. వేట మానుకొనవలెనా, శ్రమ తగ్గు నుపాయ మేమైన కలదా యని యడిగిరి. మాన నక్కరలేదు, ఉపాయము కలదు. వేట యెరుగని వారికిని పనికివచ్చునది గావున దానినే ఈ నెల వ్రాయుచున్నాము.

బాస్ మంచినీటి చేప. జలాశయములలో మునిగిన చెట్లమోళ్ల చాటునను, నాచు చాటునను పొంచియుండి చిన్నచేపలను పట్టి తినును. దానిని పట్టువారు ఎరవేసి యూరకుండరు. కొయ్యతోనో, ప్లాస్టికుతోనో చేసిన బొమ్మయెరను దూరముగ విసరి, రీలు త్రిప్పి లాగి, మరల విసరుచుందురు. దినమంతయు వేటాడినచో ఇట్టి విసరులు వందలు దాటి వేలలోనికి పోవుటయు కలదు. పడవ మొనపై నిలుచుండి, చిన్న విద్యుత్ మోటారును ఒక పాదముతో నొక్కి నడుపుదురు గావున దేహభార మంతయు రెండవ కాలిమీదనే నిలుచును. నీళ్ల కదలికకు పడిపోకుండుటకై నడుము క్షణక్షణము సర్దుకొనుచునే యుండును. ఇది శ్రమయే గాని వట్టి కాలక్షేపము కాదు. అట్లని స్త్రీశక్తికి మించినదియు కాదు. 1976లో షుగర్ ఫెర్రిస్ అను నామె టెక్సాసులో స్త్రీలకొరకే ఈ వేటపందెముల సంఘమును స్థాపించెను. అది ఇరువదేండ్లకు పైగా నడచెను.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున వ్యాయామమును గూర్చి చెప్పుచు, బలవంతులు సయితము చలికాలమునను వసంతమునను తమ శక్తిలో సగమే వినియోగింపవలె ననియు, తక్కిన ఋతువులలో నంతకంటె తగ్గింపవలె ననియు విధించిరి. కండరము పూర్తిగ నలసినచో మరల బలము గొనుటకు చాల సేపు పట్టును. అంతలో పని యాపనివారు భుజముపనిని నడుముచేతను, మణికట్టుపనిని మోచేతిచేతను చేయింతురు. నొప్పి పుట్టుట యక్కడనే. కావున అలసితి మని తోచువరకు నిలుచుండరాదు. గడియారమును చూచి, గంట కొకమారు పది నిమిషములు కూర్చుండవలెను. చేపలు బాగుగ పడుచున్న వేళ కూర్చుండ బుద్ధిపుట్టదు. ముందుగ నియమము పెట్టుకొనవలసినది అందులకే.

ఇక అవయవముల సంగతి. గాలపుకర్రను బిగించి పట్టరాదు. బిగువు హెచ్చినకొలది మోచేతి వెలుపలి స్నాయువులు నొచ్చును. దీనికి టెన్నిసు ఎల్బో యని పేరుగాని, బట్టలు పిండువారికిని ఇదియే వచ్చును. కార్బను నారతో చేసిన తేలిక కర్రను ఎన్నుకొని, రెండు చేతులతో విసరినచో భుజముపై భారము తగ్గును. నీటిలో లోతుగ దిగి బరువుగ లాగు ఎరను ఒక గంట వాడినచో, మరుగంట మెత్తని పురుగువంటి తేలిక యెరను వాడవలెను. మోటారు నొక్కు పాదమును మార్చుచుండవలెను. సాధ్యమైనచో ఇరువురును వంతులవారిగ నడుపవలెను. కాలిక్రింద మెత్తని రబ్బరు చాపయు, అడుగు మందమైన జోళ్లును ఉండవలెను. పడవ వేగముగ పోవునప్పుడు తటాలున లేచి పడుచుండును. అప్పుడు కూర్చుండి, మడమలను ఆనించి, వెన్నును నిలువుగ నుంచి, పట్టుకొమ్మును పట్టుకొనవలెను. ముందునాటి రాత్రి చాలినంత నిద్రపోవలెను. పిండివంటలు చేయుచు అర్ధరాత్రివరకు మేలుకొని, నాలుగు గంటలకే లేచి బయలుదేరుట మన స్త్రీలకు అలవాటు. అట్టివారు పడవ నెక్కకముందే సగము అలసియుందురు.

తలపోటునకు ముఖ్యకారణములు ఎండయు, దాహమును. ఎండ పైనుండియే కాక నీటినుండి కూడ మరలి కన్నులను, ముఖమును తాకును. వెడల్పైన టోపీ, లేతరంగు పొడుగుచేతుల చొక్కా, నీటితళుకును అణచు కన్నద్దములు అవసరము. వేడిలో పనిచేయువారు దాహము కాకమునుపే, 15 నుండి 20 నిమిషముల కొకమారు సుమారు 240 మిల్లీలీటర్ల నీరు త్రాగవలె ననియు, గంటకు 1.4 లీటర్లు మించరా దనియు అమెరికాలోని వృత్తిరక్షణ శాఖవారి సలహా. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, అరటిపండు, వేయించిన వేరుసెనగలు కొంచెము కొంచెముగ తీసికొనుట మేలు. మూత్రపిండముల వ్యాధియో, రక్తపుపోటో, గుండెజబ్బో కలవారు నీటికొలతను, ఉప్పుకొలతను వైద్యు నడిగి తెలిసికొనవలెను.

ఇచ్చట ఒక మాట సిగ్గు విడిచి వ్రాయుచున్నాము. ఆ సోదరి నీరు త్రాగకుండుటకు కారణమును ఉత్తరము చివర ఒక్క పంక్తిలో తెలిపిరి: ఆ పడవలో మరుగు లేదు. ఇదియే ఆమె తలపోటునకు మూలమని మా యభిప్రాయము. ఇది టెక్సాసు సోదరి యొక్కతె కష్టము కాదు. దూరప్రయాణపు బస్సులలోను, పెండ్లివారి విడిదులలోను, మరుగు లేని పాఠశాలలలోను మనలో ఎందరో ఇట్లే గొంతు నెండబెట్టుకొనుచున్నారు. చరకసంహితలో నవేగాంధారణీయ మను అధ్యాయమే కలదు. ఆపరాని దేహవేగములు పదమూడని అందు చెప్పబడినది. మూత్రము, దప్పిక, ఆకలి, నిద్ర, శ్రమచే కలుగు నిట్టూర్పు—ఇవన్నియు అందులోనివే. నీరు తగ్గించినను, మూత్రమును తరచుగ ఆపినను మూత్రమార్గమున రోగము పుట్టవచ్చునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. కావున బయలుదేరకమునుపే, ఏ రేవున మరుగుదొడ్డి కలదో చూచుకొని, రెండుగంటల కొకమారు ఒడ్డు చేరునట్లు ప్రయాణము నేర్పరచుకొనవలెను. ఒడ్డు దూరమైనచో, మూతగల పాత్రయు, చుట్టు కట్టుటకు తెరయు పడవలోనే యుంచుకొనవచ్చును. దీనిని భర్తతో చెప్పుటకు సంకోచ మేల? ఎరల పెట్టెకు చోటిచ్చిన పడవలో దీనికిని చోటుండును.

అలసటను దాచుట నీటిమీద ప్రమాదము. ఎండ, గాలి, మోటారుమోత, పడవ యదురు కలిసి మనస్సును మందగింపజేయు నని అమెరికా తీరరక్షక దళమువారు హెచ్చరించుచున్నారు. అడుగు తప్పి నీట పడుట అట్టి వేళనే. తేలియాడు రక్షణకవచమును దినమంతయు తొడిగియుండవలెను. పడవ నడుపువారు పడిపోయినచో యంత్రమును తనంతట ఆపు మీటత్రాడు కలదు. 26 అడుగులకు తక్కువైన మోటారుపడవలలో వేగముగ పోవునప్పుడు దానిని తగిలించుకొనుట 2021 ఏప్రిలు 1 నుండి ఆ దేశమున చట్టము. తల తిరుగుట, వాంతి, అతిచెమట కనిపించిన వెంటనే వేట చాలించి నీడకు చేరవలెను. మాట తడబడినను, మతి చలించినను అది వడదెబ్బ, ప్రాణాపాయము. వెంటనే 911కు ఫోను చేసి, దేహమును చల్లని నీటితో తడుపుచు, మెడయందును చంకలయందును మంచు నుంచవలెను. స్మృతి తప్పినవారి నోట నీరు పోయరాదు.

మనవారి సంతోషము చెడునేమో యని "నా కేమియు లేదు" అనుచు పండ్లు బిగించుకొనుట మనకు చిన్ననాటినుండి నేర్పిన విద్య. ఇంటిలో దాని మూల్యము నడుమునొప్పి. నడిజలాశయమున దాని మూల్యము ప్రాణము కావచ్చును. ఆ సోదరి వచ్చు సెలవునాడు గడియారమును, నీళ్లసీసాను, తెరగుడ్డను ముందు సర్దుకొని, పిదపనే గాలపుకర్ర నెత్తుదురు గాక! ఇంటనే యున్న సోదరీమణులు ఈ యుత్తరమును చదివిన పిమ్మట లేచి, మొదట ఒక గ్లాసెడు నీరు త్రాగవలెనని మా కోరిక.