ఆ ఒక్క సెక్షన్ రాయించండి, రాయలు గారూ

నరసరావుపేట లోక్‌సభ సభ్యులు, తెలుగుదేశం పార్లమెంటరీ పార్టీ నాయకులు శ్రీ లావు శ్రీకృష్ణదేవరాయలు గారికి,

2025 డిసెంబరు 11న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఏఐ మీద ఒక ఉత్తర్వు ఇచ్చారు. రాష్ట్రాలు తలా ఒక చట్టం చేస్తే కంపెనీలు నడవలేవని, అలాంటి చట్టాల మీద కోర్టుకెళ్ళడానికి న్యాయశాఖలో ప్రత్యేక బృందం పెట్టమన్నారు. భారమైన చట్టాలేవో ఏరి జాబితా రాయమని వాణిజ్య శాఖకు చెప్పారు. ఆ జాబితాకెక్కిన రాష్ట్రాలకు బ్రాడ్‌బ్యాండ్ నిధుల్లో కొంత దక్కదని హెచ్చరించారు. మన నరసరావుపేట నుంచీ పిడుగురాళ్ళ నుంచీ వెళ్ళి అక్కడ కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు ఇది దగ్గరి విషయం. మనకూ దగ్గరిదే. ఎందుకో చెప్పుకుంటాను.

ఆ ఉత్తర్వు కొలరాడో చట్టాన్ని ఎత్తిచూపి మరీ తప్పుపట్టింది. అయినా ఆ చట్టంలో ఒక్క అక్షరం కొట్టేయలేదు, ఎందుకంటే అధ్యక్షుడికి ఆ అధికారం లేదు. అక్కడ రాష్ట్ర చట్టం పోవాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి, లేదా కోర్టు తీర్పివ్వాలి. కొరియా యుద్ధం నడుస్తున్న 1952లోనే, అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుంటే చెల్లదని సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. ఇక కాంగ్రెస్ సంగతి. రాష్ట్రాలు పదేళ్ళపాటు ఏఐ జోలికి రాకుండా ఆపాలన్న నిబంధనను 2025 జులై 1న సెనేట్ 99-1 ఓట్లతో బిల్లులోంచి తీసేసింది. రెండు పార్టీలూ కలిసి వేసిన ఓట్లవి.

మనవాళ్ళు పట్టించుకోని మాట ఇంకొకటి ఆ ఉత్తర్వులోనే ఉంది. దేశమంతటికీ ఒకే చట్టం ముసాయిదా రాయమన్నప్పుడు కొన్నిటిని ముట్టుకోవద్దన్నారు. పిల్లల రక్షణ ఒకటి. రాష్ట్ర ప్రభుత్వాలు తాము కొనే, తాము వాడే ఏఐ మీద పెట్టుకునే నిబంధనలు ఇంకొకటి. రాష్ట్రాల మీద అంత పట్టుదలగా ఉన్న ట్రంప్ కూడా అక్కడ చేయి పెట్టలేదు.

మన దగ్గర అంత గట్టి గోడ లేదు. పార్లమెంటు చట్టానికి విరుద్ధంగా ఉన్న రాష్ట్ర బిల్లు ఉమ్మడి జాబితాలోనిదైతే, 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే నిలుస్తుంది. ఆ ఆమోదం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2019 డిసెంబరులో మన శాసనసభ దిశ బిల్లు చేసింది. అందులోని మంచిచెడ్డల మీద వాదనలున్నాయి, వాటి జోలికి నేను పోను. ఏళ్ళు గడిచినా దానికి ఆమోదం రాలేదు. ఈలోగా అది సవరించబోయిన పాత శిక్షాస్మృతే 2024 జులై 1న పోయి కొత్తది వచ్చింది. ఆమోదానికి రాష్ట్రపతికి కోర్టులు గడువు పెట్టలేవని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు తన అభిప్రాయం చెప్పింది.

ఏఐ అన్న మాట ఏడో షెడ్యూలులోని ఏ జాబితాలోనూ లేదు. లేనిదంతా కేంద్రానికే చెందుతుంది. ప్రత్యేక చట్టం ప్రస్తుతానికి అక్కర్లేదని 2025 నవంబరులో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కేంద్రం అంది. ఎప్పటికీ రాదని అనలేదు. వచ్చిననాడు అందులో "వేరే చట్టంతో తేడా వస్తే ఈ చట్టమే చెల్లుతుంది" అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. అలాంటి వాక్యం 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 38వ సెక్షన్లో ఇప్పటికే ఉంది. అదే చట్టం 7వ సెక్షను ప్రభుత్వ పథకాల కోసం మన వివరాలు వాడుకోవడానికి మళ్ళీ మన అనుమతి అక్కర్లేకుండా చేసింది. అంటే పింఛనుదారుకు, రేషన్ కార్డున్న ఇంటికి ఆ చట్టం ఇచ్చే కాపుదల పలచనిదే.

యంత్రం తప్పు చేస్తే ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో పల్నాడులో అందరికీ తెలుసు. మాచర్లలో అద్దెకుండే కూలి మనిషిని తీసుకోండి. ఇంటివాళ్ళ కరెంటు మీటరు పొరపాటున ఆమె ఆధార్‌కు ఎక్కింది. నెలకు సగటున 300 యూనిట్లు దాటిందని పథకం ఆగింది. సచివాలయానికి వెళ్తే "సిస్టమ్‌లో ఇనెలిజిబుల్ అని వస్తోందమ్మా" అంటారు. ఎవరు పెట్టారు ఆ మాట, ఎవరు తీస్తారు? గుమ్మంలో ఉన్న ఉద్యోగికీ తెలియదు. కరెంటు ఆఫీసుకు వెళ్ళి సీడింగ్ మార్పించుకో అంటారు, అక్కడ మళ్ళీ సచివాలయం కాగితం తెమ్మంటారు. ఒక రోజు కూలి పోతుంది, పని అవదు. ఇందులో ఏఐ కూడా లేదు, రెండు రికార్డులను జత చేయడమే. ఆ జత చేసే పని యంత్రం అంచనాకు వదిలితే ఏమవుతుందో తెలంగాణ చూసింది. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేరు పేర్లూ చిరునామాలూ పోల్చి ఎవరి కారునో ఎవరి ఖాతాలోనో వేసి, రేషన్‌కు అనర్హులన్న సందర్భాలు బయటికొచ్చాయి. కంప్యూటర్ లెక్క మీద, ముందు నోటీసు లేకుండా కార్డులు తీసేశారని వేసిన కేసులో, 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఊళ్ళలోకి వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

పొలం సంగతీ అంతే. ఫసల్ బీమాలో 2023 నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాకు ఉపగ్రహ చిత్రాల లెక్క వచ్చింది. మిరపకూ వస్తే రావచ్చు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి మన తోటలను తినేసింది. చెట్టు ఉంది, కాపు లేదు. ఆ నష్టం పైనుంచి ఎంతవరకు కనిపిస్తుందో దుర్గి, కారెంపూడి రైతును అడగకుండా ఎవరు నిర్ణయిస్తారు? వ్యవసాయం, పంటలను పురుగుల నుంచి కాపాడటం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. పోలీసు రెండోది. భూమి 18వది. ఈ పనులకు యంత్రాన్ని వాడేటప్పుడు హద్దు గీసే అధికారం కూడా రాష్ట్రానిదే కావాలి.

28 రాష్ట్రాల్లో 28 చట్టాలుంటే కంపెనీలు ఎలా బతుకుతాయని మీకు చెప్పేవాళ్ళుంటారు. అందులో న్యాయం ఉంది. సాఫ్ట్‌వేరు తయారీకి, దాని భద్రతా పరీక్షలకు దేశమంతా ఒకే పద్ధతి ఉంటేనే మంచిది. విశాఖకు గూగుల్ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది, రావాలి. వాట్సాప్‌లో మన మిత్ర 2025 జనవరి 30న మొదలై జనానికి తిరుగుడు తగ్గించింది, నడవాలి. ఒక ముసలావిడ పింఛను ఎందుకు ఆగిందో తెలుగులో రాసి సంతకం పెట్టాల్సిన అధికారి ఎవరన్నది మాత్రం కంపెనీల వ్యాపారానికి సంబంధించిన ప్రశ్న కాదు.

కేంద్రం మిథ్య అన్న నాయకుడు పెట్టిన పార్టీ మీది. 1984లో ఆయన ప్రభుత్వాన్ని గవర్నరు దించితే నెల రోజుల్లో జనం తిరిగి నిలబెట్టారు. ఇవాళ 240 సీట్ల బీజేపీకి మీ 16 మంది అవసరం ఉంది. ఏఐ చట్టం ఎప్పుడు రాసినా, రాష్ట్ర జాబితాలోని పనులకు రాష్ట్ర ప్రభుత్వాలు, పంచాయతీలు, మునిసిపాలిటీలు వాడే ఏఐ మీద చట్టం చేసే హక్కు రాష్ట్రాలదేనని ఒక సెక్షన్ పెట్టించండి. ఈలోగా మన శాసనసభలో చట్టం తెమ్మని ముఖ్యమంత్రి గారిని అడగండి. మనిషి ఇంటికి వచ్చి చూడకుండా యంత్రం మాట మీద ఎవరి పేరూ తీసేయకూడదు. అర్జీ తేలేదాకా పింఛనూ బియ్యమూ ఆగకూడదు. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, అమరావతి తలుచుకుంటే చాలు.

బిల్లు సభకు వచ్చాక సవరణలకు వ్యవధి ఉండదు. మీ సవరణ ముందే సిద్ధం చేసుకోండి. అది నరసరావుపేట సభ్యుడి పేరు మీద రావాలని కోరుతున్నాను.

భవదీయుడు,
మీ నియోజకవర్గ ఓటరు