లిల్లీలకు ఒక్క గదేనా?

స్త్రీల హక్కుల పత్రికలో మగవాళ్ల పత్రిక గురించి సంపాదకీయం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పురుషులను ప్రేమించే పురుషుల కోసం జపాన్‌లో నడిచిన 'బరజోకు' మాసపత్రిక చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా మన ఆడవాళ్లే గుర్తొచ్చారు. అందుకే రాస్తున్నాను.

'బరజోకు' అంటే గులాబీ తెగ. 1971లో ఇతో బున్గకు అనే ప్రచురణకర్త దీన్ని మొదలుపెట్టాడు. ఆయన స్వలింగ ప్రేమికుడు కాదు, పెళ్లయినవాడు. చాటుమాటుగా చేతులు మారే పత్రికలా కాక, పుస్తకాల దుకాణాల్లో బాహాటంగా దొరుకుతూ 2004 దాకా, 33 ఏళ్లు నడిచింది. తోడు కోసం పాఠకులు ఇచ్చుకునే పరిచయ ప్రకటనలే దానికి ఆయువుపట్టు. ఇంటర్నెట్ వచ్చి ఆ అవసరం తీరుతున్న కొద్దీ పత్రికకు ఆదరణ తగ్గింది.

జపాన్‌లో 1882లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి నాటినుంచీ స్వలింగ సంబంధం నేరం కాదు. మనకు 1860లో వలస పాలకులు పెట్టిన 377వ సెక్షన్ నుంచి ఈ విషయంలో విముక్తి 2018 సెప్టెంబర్ 6న గానీ రాలేదు. మరి జైలు భయం లేని చోట కూడా అంతమంది మగవాళ్లు ఎందుకు దాక్కోవాల్సి వచ్చింది? జైలు లేకపోయినా కుటుంబం ఉంది. ఈడొచ్చినవాడు పెళ్లాడాలి, వంశం నిలపాలి, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలి. ఈ ఒత్తిడి వల్లే, భార్యలు కావాలని కోరే ప్రకటనలకు కూడా ఆ పత్రికలో చోటు దొరికింది.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఉన్న మాట ముందే చెప్పి, ఇద్దరూ ఇష్టపడి చేసుకునే పెళ్లి వాళ్ల సొంత విషయం. చెప్పకుండా చేసుకుంటే? భర్త దగ్గరికి రాకపోతే "నీలోనే ఏదో లోపముంది" అని మాట పడేది భార్య. పిల్లలు పుట్టకపోతే గొడ్రాలనిపించుకునేదీ ఆమే. అలాంటి స్త్రీ మన దగ్గరికి వస్తే "సర్దుకుపో" అనడం ఎంత తప్పో, ఆ భర్తను అసహ్యించుకోమని నేర్పడమూ అంతే తప్పు. ఒకప్పుడు నేనూ అతన్ని ఒక్కణ్ణే దోషిగా చూశాను. అబద్ధానికి అతను జవాబు చెప్పవలసిందే. కానీ ఆ ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టిన పితృస్వామ్యాన్ని ఎవరు నిలదీస్తారు?

మరో సంగతి. 1976లో ఆ పత్రికే, స్త్రీలను ప్రేమించే స్త్రీల కోసం 'లిల్లీ తెగ గది' అనే శీర్షిక ప్రారంభించింది. సంతోషమే. కానీ గులాబీలకు పత్రికంతా, లిల్లీలకు ఒక గది! మగవాడికి పుస్తకం కొనుక్కునే డబ్బు, రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరే స్వేచ్ఛ ఉన్నాయి. మన ఊళ్లో స్నేహితురాలికి ఉత్తరం రాసే ఆడపిల్లకు, ఆ ఉత్తరం వేరే కళ్లబడని సొంత పెట్టె అయినా ఉందా? చదువు మాన్పించి, సంబంధం చూసి, బలవంతంగా మెడలు వంచితే దాన్ని హింస అని మనమైనా పిలుస్తున్నామా?

స్వలింగ వివాహం ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోరాటం కొనసాగుతుంది. దానితోపాటే, పెళ్లి వద్దనే హక్కు గురించీ మనం గొంతెత్తాలి. ఆ హక్కు నిలబడిన నాడు ఒక మగవాడు అబద్ధం ఆడనక్కర్లేదు, ఒక ఆడది ఆ అబద్ధంతో కాపురం చెయ్యనక్కర్లేదు. మన సంఘాల తలుపు తట్టే ఆడపిల్లను "ఎవరిని ప్రేమించావు?" అని కాదు, "నీకు ఇప్పుడు ఏ సాయం కావాలి?" అని అడుగుదాం.