ఇజ్జత్ కిస్తీలు

జనగామలో బండ్ల షోరూం ముందు నిలబడి చూడని పిల్లగాడు మన వాడల్లో ఉన్నడా? మేమూ నిలబడ్డోళ్లమే. చెప్పులు చేతబట్టుకొని గడీ ముందు నడిచిన తాతల మనుమలం, మాకు బండి మీద మోజు ఉండదా? 'మాలమాదిగోళ్లకు కులుకు ఎక్కువైంది' అనే పెద్దకులపోళ్ల మాట మాకు లెక్కలేదు. అప్పు మీద కార్లు కొన్నది వాళ్లు కాదా!

అయితే మన లెక్క మనం చూసుకోవాలె. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్లకు చీరకట్టు మార్చుకొమ్మన్నడు, కులాన్ని పట్టిచ్చే నగలు వదిలెయ్యమన్నడు. అప్పు చేసి కొనుక్కొమ్మనలేదు. మానుకోటలో మిర్చి ఏరే అక్క ఫోను కిస్తీ కట్టనీకి గ్రూపుల అప్పు దెస్తది. భూపాలపల్లి బొగ్గుబాయిల కాంట్రాక్టు పనిచేసే తమ్ముని బండి పెట్రోలు లేక ఇంటి ముందే ఉంటది, వాడు నడిచే పోతడు. కిస్తీ మాత్రం నడుస్తనే ఉంటది. అది తప్పితే, ఏ ఇజ్జత్ కోసం కొన్నమో ఆ ఇజ్జతే వాడకట్టు ముందు తీస్తరు. మైక్రోఫైనాన్సు వసూళ్ల వేధింపులకు ఎందరో ప్రాణాలు తీసుకున్నంకనే 2010 అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది.

షోరూం ముందు ఇప్పటికీ మా కాళ్లు ఆగుతయి, అబద్ధమెందుకు. లోపలికి పోతే కుర్చీ వేస్తరు, 'సార్' అంటరు. ఊర్లె ఎవ్వడూ అనని మాట అది. ఆధార్ కార్డు చూపిస్తే బండి ఇస్తరు. అదే కార్డు పట్టుకొని భూమి అడగనీకి పోతే ఎన్నిసార్లు తిప్పుతరో, 2014లో ప్రకటించిన మూడెకరాల కోసం తిరిగినోళ్లను అడుగుండ్రి.